జట్టు కటీఫ్ అనగలిగేవాడు

సుమారు వందేళ్ల కిందట స్విట్జర్లాండ్‌లో పియాజే అనే ప్రొఫెసరుగారూ ఆయన సహాయకులూ గోళీలు పట్టుకుని జెనీవా, నూషటెల్ ఊళ్ల బడిపిల్లల వెంట పడ్డారు. టెట్, డీఎస్సీ రాసేవాళ్లకి ఈ పేరు చెబితే ఆయన చెప్పిన దశలన్నీ గుక్కతిప్పుకోకుండా అప్పజెబుతారు గానీ, ఈ గోళీల ముచ్చట ఎక్కువమందికి తెలియదు. పిల్లాడి ముందు గోళీలు పోసి, చిన్నప్పుడు నేనూ తెగ ఆడేవాణ్ణి, ఇప్పుడు మర్చిపోయాను, కాస్త నేర్పవా నాయనా అని అడగడం వాళ్ల పద్ధతి. మరీ చేతకానట్టు నటిస్తే పిల్లలు పట్టేస్తారు కదా, అందుకని మధ్యమధ్య ఒక మంచి దెబ్బ కూడా కొడుతుండాలని ఆయన జాగ్రత్త చెప్పాడు.

ఆయనకి కావలసింది ఆట నేర్చుకోవడం కాదు. ఈ ఆటకి రూల్స్ ఎవరు పెట్టారు, వాటిని మార్చొచ్చా అని అడిగితే పిల్లలేమంటారో వినాలి. చిన్నవాళ్ల జవాబులు చదివితే ఇప్పటికీ నవ్వొస్తుంది. మా నాన్న పెట్టాడని ఒకడు, దేవుడు పెట్టాడని ఒకడు, ఊరి పెద్దమనుషులు పెట్టారని ఇంకొకడు. మార్చొచ్చా అంటే, అమ్మో, అది తొండి! అలాగని రూల్స్ పాటించేవాళ్లా అంటే అదీ లేదు. పక్కపక్కనే కూర్చుని ఎవరి ఆట వాళ్లు ఆడుకుని, చివరికి ఇద్దరూ గెలిచేవాళ్లు. పది, పదకొండేళ్లు దాటినవాళ్ల ధోరణి వేరు. రూలు మనం పెట్టుకున్నదే, అందరూ ఒప్పుకుంటే మార్చుకోవచ్చు, ఒప్పుకున్నాక మాత్రం దాటకూడదు అన్నారు. అన్నట్టే ఆడారు కూడా. ఈ మార్పు పెద్దవాళ్లు చెప్పగా రాలేదనీ, తోటిపిల్లలతో ఆడగా ఆడగా వచ్చిందనీ 1932లో వచ్చిన తన పుస్తకంలో పియాజే వాదించాడు.

నాన్న మాట చిన్నపిల్లాడికి వాన లాంటిది. పైనుంచి పడుతుంది, దానితో బేరం ఉండదు. పక్కింటివాడి మాటని మాత్రం ఎందుకని అడగొచ్చు, అడ్డం తిరగొచ్చు. వాడూ అడ్డం తిరుగుతాడు. ఇద్దరికీ ఆట కావాలి కాబట్టి ఎక్కడో ఒకచోట రాజీకి రాక తప్పదు. దీనికి నేనొక మాట కలుపుతాను. అమ్మకి ఎంత కోపం వచ్చినా రాత్రికి అన్నం కలిపి పెడుతుంది. స్నేహితుడికి కోపం వస్తే ‘నీ జట్టు కటీఫ్’ అని చక్కా పోతాడు. పోయే హక్కు వాడికుంది. అలా పోగలిగినవాణ్ణి పోకుండా నిలుపుకోవడం ఎలాగో ఇంట్లో నేర్చుకునే వీలు లేదు, ఇంట్లో అలా పోయేవాళ్లు ఎవరూ లేరు కనుక. పోయినవాణ్ణి మళ్లీ మాటల్లోకి దించడం అంతకన్నా పెద్ద చదువు.

పియాజేతో నాకొక చిన్న పేచీ ఉంది. ఆడపిల్లల ఆటల్లో రూల్స్ పట్టింపు తక్కువ, వాళ్లు తేలిగ్గా సర్దుకుపోతారు అన్నాడాయన. గచ్చకాయలాడే మన పిల్లల్ని చూసి ఉంటే ఆ మాట అనేవాడు కాదు. ఒక కాయ తీస్తుంటే పక్కకాయ కదిలిందా లేదా అన్న దానిమీద అరుగు మీద ఎంత వాదన! ఎన్ని సాక్ష్యాలు, ఎన్ని ఒట్లు! పైగా సర్దుకుపోవడం తక్కువ విద్యా ఏమిటి? ఆట ఆగకుండా జగడం తీర్చడం మా అక్కలకి చేతనయినంతగా మా మగపిల్లలకి ఎన్నడూ చేతకాలేదు.

ఏ వీధిలోనైనా ఆట మొదలయ్యే ముందు కాసేపు నిలబడి చూడండి. పంటలు వేసుకుంటారు. దొంగ ఎవడో తేలేలోపు, వాడు చెయ్యి ఆలస్యంగా తిప్పాడు, మళ్లీ వెయ్యాలి అని ఒకడు గోల పెడతాడు. జట్లు సమానంగా లేవని ఒకణ్ణి అటునుంచి ఇటు లాగుతారు. బంతి కరెంటు స్తంభం దాటితే ఫోరా, గోడ దాటితే ఔటా అని తేల్చుకుంటారు. ఒక్కోసారి ఆట కంటే ఈ తతంగమే ఎక్కువసేపు నడుస్తుంది. చూసే పెద్దలకి అది కాలయాపన. కోచింగ్ క్యాంపులో ఈ బాదరబందీ ఏమీ ఉండదు. విజిల్ పెద్దాయన మెడలో ఉంటుంది, జట్లు ఆయనే విడదీస్తాడు, ఔటు ఆయనే ఇస్తాడు. అక్కడ పిల్లలకి బంతిని కొట్టడం బాగా వస్తుంది. పక్కవాణ్ణి ఒప్పించడం ఎక్కడ వస్తుందో నాకు తెలియదు.

తోటివాళ్లు కావలసింది మనుషులకే కాదు, కోతుల సంగతీ ఇంతే. అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో హ్యారీ హార్లో అనే ఆయన రీసస్ కోతుల మీద ఏళ్ల తరబడి ప్రయోగాలు చేశాడు. పాలసీసా తీగల బొమ్మ దగ్గరే ఉన్నా పిల్లకోతి మెత్తటి గుడ్డ చుట్టిన బొమ్మనే అమ్మ అనుకుని కరుచుకుని ఉంటుందని 1958లో చెప్పింది ఈయనే. ఆయన చేసినవాటిలో కొన్ని క్రూరమైన ప్రయోగాలు. ఇవాళ ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. పుట్టిన పిల్లల్ని 6 నెలలపాటు ఇంకో కోతి ముఖం చూపించకుండా ఒంటరిగా పెంచారు. బయటికి తీశాక అవి తమని తామే వాటేసుకుని, ఊగుతూ, మూల కూర్చునేవి. తోటి ఈడు కోతుల మధ్య వదిలితే అవి వీటి మీద పడి కొట్టేవి. ఇక ఇవి బాగుపడవని అందరూ ఆశ వదులుకున్నారు.

అప్పుడు హార్లోకీ ఆయన శిష్యుడు స్టీఫెన్ సువోమీకీ ఒక ఉపాయం తట్టింది. తోటి ఈడువాటికి బదులు 3 నెలల పసికూనల్ని తెచ్చి పక్కన వదిలారు. ఆ వయసు కోతిపిల్లకి కొట్టడం రాదు. ఎవరు కనిపిస్తే వాళ్లని పట్టుకుని వేలాడటమే దానికి తెలుసు. పెద్దది మూల ముడుచుకుని కూర్చుంటే చిన్నది పోయి వాటేసుకునేది. కొన్ని వారాలకి పెద్దదీ తిరిగి వాటేసుకుంది. తర్వాత ఆటలు మొదలయ్యాయి. చిన్నది పెరిగేకొద్దీ ఆటలూ ముదిరాయి. సుమారు ఆరు నెలలు గడిచేసరికి ఊగడం దాదాపు పోయింది, వీటికీ మామూలు కోతులకీ పెద్ద తేడా కనబడలేదు. 1972లో ఈ సంగతి ప్రకటించినప్పుడు ఆ బుల్లి కోతులకి వాళ్లిచ్చిన హోదా వైద్యులన్నదే.

అది చదివి మిన్నెసోటాలో విల్లార్డ్ హార్టప్ బృందానికి, మరి మనుషుల్లోనో అన్న ఆలోచన వచ్చింది. నర్సరీల్లో ఎవరితోనూ కలవకుండా విడిగా ఉండిపోయే 24 మంది పిల్లల్ని తీసుకున్నారు. కొందరిని తమకన్నా ఏడాదీ ఏడాదిన్నరా చిన్నవాళ్లతో జత చేసి, విడిగా ఒక గదిలో పదిసార్లు ఆడుకోనిచ్చారు. కొందరిని సమానమైన ఈడువాళ్లతో జత చేశారు. మిగిలినవాళ్లని ఉన్నట్టే ఉండనిచ్చారు. పెద్దవాళ్లు ఏమీ నేర్పలేదు, బొమ్మలిచ్చి ఊరుకున్నారంతే. 1979లో వచ్చిన ఫలితం: క్లాసులో నలుగురితో కలవడం బాగా పెరిగింది చిన్నవాళ్లతో ఆడినవాళ్లకే. తోటి ఈడువాడి ముందు నోరు తెరవనివాడు చిన్నదాని ముందు నాయకుడవుతాడు. ఇటు రా, ఇది పట్టుకో అంటాడు, అది వింటుంది. మాట చెల్లడమంటే ఎలా ఉంటుందో ఒకసారి రుచి చూస్తే మిగతాది వాడే చూసుకుంటాడు.

మన వీధుల్లో దీనికి ఏర్పాటు ఎప్పటినుంచో ఉంది. ఏడుపెంకులాటలోకి చంకనున్న తమ్ముణ్ణి కూడా దింపి, వాడు ఆటలో అరటిపండు అని తీర్మానిస్తారు. వాడు ఔటవడు, దొంగ అవడు, పరుగెత్తడం మాత్రం అందరితో పాటు పరుగెత్తుతాడు. ఇప్పుడు పుట్టినరోజు పార్టీకి కూడా ఒకే సెక్షన్ పిల్లల్ని పిలుస్తున్నారు. అందరిదీ ఒకటే ఈడు, అందరి చేతిలోనూ ఒకటే గిఫ్టు. బిడియపడే పిల్లాడికి ఆ గుంపులో వైద్యుడు దొరకడు.

తోటిపిల్లల మధ్య ఎంత గట్టి బంధం పుట్టగలదో చెప్పే సంగతి ఒకటి చరిత్రలో ఉంది. అటువంటిది మళ్లీ ఎవరికీ రాకూడదు. 1945లో రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక, నాజీల టెరెజీన్ నిర్బంధ శిబిరంలో బతికి బయటపడిన కొందరు పిల్లల్ని విమానంలో ఇంగ్లండ్ తెచ్చారు. వాళ్లలో మూడు, నాలుగేళ్లవాళ్లు ఆరుగురు, ముగ్గురు మగపిల్లలు, ముగ్గురు ఆడపిల్లలు. ఊహ తెలియకముందే తల్లిదండ్రులు పోయారు. శిబిరంలో చూసుకునే పెద్దవాళ్లు మారిపోతూ ఉండేవాళ్లు. మారకుండా ఉన్నది ఈ ఆరుగురే. ససెక్స్‌లోని ఒక పల్లెటూళ్లో బుల్‌డాగ్స్ బ్యాంక్ అనే ఇంట్లో వీళ్లని ఒక ఏడాది ఉంచారు. సోఫీ డాన్, ఆమె సోదరి గెర్ట్రూడ్ వీళ్లని పెంచారు. సోఫీ, పిల్లల మనోవిశ్లేషకురాలు అన్నా ఫ్రాయిడ్ కలిసి ఆ సంవత్సరపు విశేషాలు 1951లో ప్రచురించారు.

మొదట్లో వాళ్లు బొమ్మలన్నీ విరగ్గొట్టారు. పెద్దవాళ్లు దగ్గరికొస్తే కొరికారు, ఉమ్మారు. తమలో తాము మాత్రం ఒక్క ప్రాణంలా ఉన్నారు. ఒకళ్లని మేడ మీద, ఒకళ్లని కింద ఉంచుదామంటే కుదరదు. షికారుకి వెళ్లి ఒకడు వెనకబడితే అందరూ ఆగుతారు. ఎవరి వంతు ఎక్కువ, ఎవరి వంతు తక్కువ అన్న పేచీ లేదు, తాము తినడం కన్నా పక్కవాడికి అందించడం ముఖ్యం. ఒకరోజు కేకు అయిపోయి ఒక పిల్లాడు ఏడిస్తే, ఇద్దరు ఆడపిల్లలు తమ దాంట్లో మిగిలింది వాడికిచ్చి, వాడు తింటుంటే నిమురుతూ కూర్చున్నారు. డిసెంబరు చలిలో ఒకడు చేతి తొడుగులు పోగొట్టుకుంటే ఇంకొకడు తనవి ఇచ్చేసి, చలేస్తోందని ఒక్క మాట అనలేదు. అలలంటే హడలిపోయే పిల్లాడొకడు, ఒడ్డున రాళ్లు విసురుతున్న పిల్ల దగ్గరికి నీళ్లొస్తున్నాయని పరుగెత్తుకెళ్లి వెనక్కి లాక్కొచ్చాడు. భయం పోలేదు వాడికి, భయంతోనే వెళ్లాడు.

ఆ పిల్లలు మొండివాళ్లు, చిరాకుపడేవాళ్లు, కుదురులేనివాళ్లు అని అన్నా ఫ్రాయిడ్ దాచకుండా రాసింది. కానీ బుద్ధిమాంద్యం లేదు, మతి చెడలేదు, అంత అల్లకల్లోలం మధ్యలోనే ఒక కొత్త భాష కూడా నేర్చుకున్నారు. ఒకళ్లనొకళ్లు పట్టుకుని నిలబడ్డారన్నమాట. అయితే తోటిపిల్లలుంటే చాలు, అమ్మ అక్కర్లేదు అని దీని అర్థం తీస్తే పొరపాటు. తల్లి లేకుండా తోటి పిల్లలతోనే పెరిగిన కోతుల్ని సువోమీ తర్వాత చాలాకాలం గమనించాడు. అవి ఒకదాన్నొకటి వదలవు, కొత్త చోటికి తీసుకెళ్తే మామూలు వాటికన్నా ఎక్కువ బెదిరిపోతాయి. ధైర్యం ఇచ్చే చోటు ఒకటి ఉండాలి, ధైర్యం చూపించే చోటు ఇంకొకటి ఉండాలి.

ఈ రెండో చోటు గురించి అందరికన్నా గట్టిగా కేకేసింది జూడిత్ రిచ్ హారిస్. 1960ల మొదట్లో, స్వతంత్రంగా ఆలోచించే సత్తా కనబడటం లేదని హార్వర్డ్ ఆమెని పీహెచ్‌డీ మధ్యలో పంపేసింది. పంపేస్తూ మనస్తత్వశాస్త్ర విభాగం తరఫున రాసిన ఉత్తరం మీద సంతకం జార్జ్ మిల్లర్‌ది. తర్వాత ఆమె అనారోగ్యంతో న్యూజెర్సీలో ఇంటిపట్టునే ఉండి పాఠ్యపుస్తకాలు రాసుకుంది. అవి రాస్తూ రాస్తూ, పిల్లల్ని తీర్చిదిద్దేది తల్లిదండ్రులేనని అందరూ రాస్తున్నదానికి రుజువేదీ అని అనుమానం వచ్చింది. 1995లో వ్యాసం, 1998లో పుస్తకం. ఇంటి బయట పిల్లల నడవడిని మలిచేది తోటి పిల్లల గుంపేనని ఆమె వాదన. ఆ వ్యాసానికి మనస్తత్వవేత్తల సంఘం ఇచ్చిన బహుమతి పేరు జార్జ్ మిల్లర్ అవార్డు! నిజంగా ఆ మిల్లర్ పేరు మీదే.

ఆమె చూపించిన ఉదాహరణల్లో వలస వచ్చినవాళ్ల పిల్లల యాస ఒకటి. దీనికి మనకి పుస్తకం అక్కర్లేదు. న్యూజెర్సీలోనో టెక్సాస్‌లోనో ఉన్న మన మనవల ఇంగ్లీషు వింటే చాలు. వాళ్ల అమ్మానాన్నలు ఇంట్లో ఎంత గుంటూరు ఇంగ్లీషు, వరంగల్ ఇంగ్లీషు మాట్లాడినా, పిల్లాడి నోట పలికేది పక్క బెంచీవాడి ఇంగ్లీషే. హారిస్ కాస్త అతి చేసిందనే నా అభిప్రాయం. ఏ వీధిలో ఉంటాం, ఏ బడిలో వేస్తాం అన్నది నిర్ణయించేది తల్లిదండ్రులే కదా, గుంపుని అక్కడే సగం ఎంచేశాం. కానీ ఆ యాస ఉదాహరణకి నేను ఎదురు చెప్పలేను.

ఇక పదమూడు దాటినవాళ్ల దగ్గరికి వద్దాం. ఇక్కడ కటీఫ్ అంటే గుండె దడ. ఫిలడెల్ఫియాలో టెంపుల్ విశ్వవిద్యాలయంలో లారెన్స్ స్టెయిన్‌బర్గ్, అతని సహచరులు కంప్యూటర్ మీద కారు నడిపే ఆట ఒకటి ఆడించారు. పసుపు లైటు పడ్డాక ఇంకా ముందుకెళ్తే పాయింట్లు, ఎర్రలైటు పడి గోడ అడ్డొస్తే ఉన్నవన్నీ గోవిందా. 2005లో ప్రకటించిన ఫలితాల ప్రకారం ఒంటరిగా ఆడినప్పుడు 13–16 ఏళ్లవాళ్లు మరీ అంత తెగించలేదు. పక్కన ఇద్దరు తోటివాళ్లు కూర్చుంటే తెగింపు ఇంచుమించు రెట్టింపయింది. 24 దాటినవాళ్లలో ఎవరున్నా ఒకటే. 2011లో ఇంకో అడుగు వేసి, ఇటువంటి ఆటనే మెదడు స్కానింగ్ యంత్రంలో పడుకోబెట్టి ఆడించారు. స్నేహితులు పక్క గదిలో టీవీ మీద చూస్తున్నారని తెలిస్తే చాలు, టీనేజీవాళ్ల మెదడులో లాభం కోసం ఉవ్విళ్లూరే భాగాలు ఎక్కువగా మేలుకున్నాయి. పక్కనుంచి ‘పోనీరా, పోనీ’ అని ఎగదోసినవాళ్లు ఎవరూ లేరు. చూస్తున్నారంతే.

ఇది చెబితే పదో తరగతి చదివే మా మనవరాలు ఒప్పుకోలేదు.

“తాతయ్యా, మమ్మల్ని చెడగొట్టేది ఫ్రెండ్సే అని చెప్పడానికి ఇంత కష్టపడ్డారా వాళ్లు?”

“మీ సంగతి పక్కన పెట్టు తల్లీ. ఎలుకల మీద కూడా చూశారు.”

“ఎలుకలు కారు నడిపాయా?”

“మందు తాగాయి.”

2014లో అదే విశ్వవిద్యాలయంవాళ్లు చిట్టెలుకల దగ్గర సారా కలిపిన నీళ్లు పెట్టారు. ఈడొస్తున్న చిట్టెలుకలు తోటివాటి మధ్య ఉన్నప్పుడు ఒంటరిగా ఉన్నప్పటికన్నా ఎక్కువ తాగాయి. పెద్ద ఎలుకలకి ఆ తేడా లేదు. ఎలుకల్లో ‘తాగకపోతే నువ్వు మగాడివేనా’ అని రెచ్చగొట్టేవాళ్లు ఉండరు కాబట్టి, ఇది చెడు సావాసం ఒక్కదానితో తేలే సంగతి కాదు. ఆ ఈడులో తోటివాళ్ల దగ్గర ఉండటమే మెదడుకి పండగ. బండి మీద ముగ్గురు ఎక్కినప్పుడు ప్రమాదం ఎందుకు పెరుగుతుందో బరువు ఒక్కటే లెక్కేసి చెప్పలేం.

ఆ పండగని పెద్దలు చేజేతులా పాడుచేసిన ఉదంతం కూడా ఉంది. 1939లో మసాచుసెట్స్‌లో కేంబ్రిడ్జ్, సోమర్‌విల్ ఊళ్లలో 506 మంది కుర్రాళ్లతో ఒక కార్యక్రమం మొదలైంది. సగంమందికి సలహాదారు, వైద్యం, చదువులో సాయం, వేసవి క్యాంపులు. మిగతా సగంమందికి ఏమీ లేదు. సుమారు ముప్పై ఏళ్ల తర్వాత జోన్ మెకార్డ్ అనే పరిశోధకురాలు వాళ్లందరినీ వెతికి పట్టుకుని లెక్క తీస్తే, సాయం అందినవాళ్లే ఎక్కువ చెడిపోయి ఉన్నారు. ఎందుకో చాలాకాలం ఎవరికీ అంతుపట్టలేదు. 1999లో ఆమె, ఇంకో ఇద్దరు కలిసి మళ్లీ తవ్వితే, నష్టంలో ఎక్కువ భాగం ఒకటికన్నా ఎక్కువసార్లు వేసవి క్యాంపులకి వెళ్లినవాళ్లలో కనిపించింది. గాడి తప్పేలా ఉన్న కుర్రాళ్లు అక్కడ ఒకచోట చేరి, ఒకరి గొప్పలకి ఒకరు చప్పట్లు కొట్టుకుని ఉంటారని వాళ్ల అంచనా. మార్కులు తక్కువొచ్చినవాళ్లందర్నీ ఒకే సెక్షన్‌లో వేసే మన బడులవాళ్లు ఈ కథ ఒకసారి చదివితే బాగుండు.

మరి పిల్లాడికి ఎంతమంది స్నేహితులుండాలి? తల్లులు నన్నడిగేది ఎక్కువగా ఇదే. మాంట్రియల్‌లో ఐదు, ఆరు తరగతుల పిల్లలు 103 మందితో నాలుగు రోజులపాటు డైరీ రాయించారు. రోజులో చాలాసార్లు వాళ్ల లాలాజలం తీసి, ఒత్తిడిలో పెరిగే కార్టిసాల్ అనే హార్మోను కొలిచారు. ఏదైనా చేదు అనుభవం ఎదురైనప్పుడు ప్రాణస్నేహితుడు పక్కన లేకపోతే కార్టిసాల్ పెరిగింది, తమ మీద తమకి నమ్మకం తగ్గింది. వాడు పక్కనుంటే ఆ దెబ్బ అంతగా తగల్లేదు. వాడేం చేశాడు, ఓదార్చాడా, తిరగబడ్డాడా అన్న లెక్క అందులో లేదు. పక్కనున్నాడు. కాబట్టి తల్లులకి నా జవాబు ఒకటే: ఒక్కడు ఉన్నాడా? ఉంటే నిశ్చింతగా ఉండండి. సంఖ్య పెంచాలని ప్రతి పార్టీకీ ఈడ్చుకెళ్లకండి.

ఒక్కడూ లేని పిల్లల సంగతే కష్టం. ఏడిపించేవాళ్లు ఏరుకునేది వాళ్లనే. కెనడాలో టొరంటో బడుల్లో ఆటస్థలాలకి దూరంగా కెమెరాలు పెట్టి, పిల్లలకి చిన్న మైకులు తగిలించి చూశారు. 2001లో ప్రకటించిన లెక్క ప్రకారం, ఒకణ్ణి ఏడిపిస్తున్నప్పుడు నూటికి 88 సార్లు తోటిపిల్లలు అక్కడే ఉన్నారు. అడ్డుపడింది నూటికి 19 సార్లు. కానీ అడ్డుపడినప్పుడు మాత్రం సగానికి పైగా, నూటికి 57 సార్లు, 10 సెకన్లలోపే ఆ గొడవ ఆగిపోయింది. స్టాఫ్ రూములో ఉన్న టీచరుకి కబురు అందడానికే అంతకన్నా ఎక్కువసేపు పడుతుంది.

ఫిన్లండ్‌లో తుర్కు విశ్వవిద్యాలయానికి చెందిన క్రిస్టీనా సాల్మివల్లి ఈ చూస్తూ నిలబడేవాళ్ల మీదే దృష్టి పెట్టి కీవా అనే పద్ధతి తయారుచేసింది. 2009లో దేశమంతటా మొదలుపెట్టారు. ఏడిపించినవాళ్లతో పెద్దలు మాట్లాడటం ఎలాగూ ఉంది. దానితోపాటు, క్లాసులో మిగతావాళ్లు గౌరవించే పిల్లల్ని ఇద్దర్నో నలుగుర్నో టీచరు విడిగా పిలిచి, బాధపడుతున్నవాడికి మీరేం చేయగలరని అడుగుతుంది. ఏం చేయాలో చెప్పదు, అడుగుతుంది. మన బడిలో అయితే అది మధ్యాహ్న భోజనం దగ్గర వాడి పక్కన కంచం పెట్టుకుని కూర్చోవడం కావచ్చు. కబడ్డీకి జట్లు ఎంచుకునేటప్పుడు వాడి పేరు చివరిదాకా ఆపకుండా మొదట్లోనే పిలవడం కావచ్చు.